రంగం దారి మీద విమానం

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో విమానమంటే కంటికి కనిపించేది కాదు, చెవికి వినిపించేది. ఎప్పుడో ఒకసారి, ఏ మధ్యాహ్నమో, మబ్బుల వెనక సన్నగా రొద వచ్చేది. పిల్లలమంతా వీధిలోకి ఉరికి, ఎటు పోతోందో తెలియకపోయినా ఆకాశం మొత్తానికీ చేతులు ఊపేవాళ్ళం. మా ఇంట్లో ఒక్క మనిషి మాత్రం ఆ రొద చెవిన పడగానే చేస్తున్న పని వదిలేసి లోపలికి నడిచేది. గది మూలకి వెళ్ళి, గోడకి మొహం పెట్టి నిలబడేది. రొద పోయాక కూడా చాలాసేపు అలాగే ఉండేది. ఆవిడ మా మామ్మ, మా నాన్నని కన్నతల్లి.

ముందే ఒక మాట. నేను కోతలు కోస్తానని మా వాళ్ళందరికీ తెలుసు. కోటవురట్ల బస్సులో ఎలుగుబంటి టిక్కెట్టు తీసుకుని కిటికీ పక్కన కూర్చుందని చెప్పి, మా తోటికోడలి చేత నమ్మించినదాన్ని. వయసు యాభై దాటినా ఆ గుణం పోలేదు. ఈ సంగతిలో కూడా ఎక్కడో ఓ చోట ఉప్పు ఎక్కువ వేశానని మీకు అనిపించవచ్చు. మీకు అనుమానం వచ్చే చోటు ఏదో నాకు తెలుసు. సరిగ్గా అక్కడే నేను ఏమీ కలపలేదు.

మామ్మ పుట్టింది రంగంలో. పుస్తకాల్లో రంగూన్ అని రాస్తారు గానీ మా వైపు పెద్దవాళ్ళెవరూ ఆ మాట పలకరు. మా పల్లెల నుంచి ఎందరో ఓడెక్కి వెళ్ళి అక్కడి బియ్యం మిల్లుల్లో బతికారు. మామ్మ వాళ్ళ నాన్న అలాంటి మిల్లులోనే బస్తాలు మోసేవాడు. యుద్ధం వచ్చింది. రంగం మీద బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు పిల్లాపాపల్ని వెంటబెట్టుకుని అడవుల్లోంచీ కొండల్లోంచీ నడిచి ఇంటిదారి పట్టారు. ఆ నడకలో మామ్మ ఉంది. అప్పటికి ఆవిడకి ఇంకా ఓణీ వయసు రాలేదు. చేతిలో చెల్లెలి చెయ్యి ఉంది.

దారిలో ఒక చోట విమానం వచ్చింది. జనం చెల్లాచెదురయ్యారు. మామ్మ చెల్లెలిని పక్కనున్న గడ్డిలోకి తోసి, దాక్కో అంది. తను బోర్లా పడుకుని రెండు చేతులతోనూ చెవులు మూసుకుంది. లేచి చూస్తే చెల్లెలు లేదు. రక్తం లేదు, గుడ్డపేలిక లేదు, ఏమీ లేదు. మనిషెత్తు గడ్డి మాత్రం ఉంది. పెద్దవాళ్ళు కాసేపు వెతికి, ఇంకో విమానం వస్తుందన్న భయంతో మామ్మని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చేశారు.

అందుకే మా ఇంట్లో ఒక పేరు ఎటూ తేలకుండా ఉండిపోయింది. మామ్మ పుట్టింటి వైపు ఎవరూ మిగల్లేదు కనక, పెద్దల అమావాస్య నాడు బియ్యం ఇచ్చేటప్పుడు ఆ వైపు పేర్లు కూడా మా నాన్నే చెప్పేవాడు. చెల్లెలి పేరు దగ్గర మాత్రం మామ్మ అడ్డం పడేది.

"అది సచ్చిపోనాదని నీకెవుడు సెప్పినాడ్రా? దాక్కోమన్నాను, దాక్కుంది."

అంతే, లేచి వెళ్ళిపోయేది. చనిపోయినవాళ్ళలో కలపడానికి లేదు, బతికున్నవాళ్ళలో వెతకడానికి లేదు. మామ్మకి జుట్టు నెరిసింది, మనవలు పుట్టుకొచ్చారు. ఆ పిల్ల మాత్రం అదే గడ్డిలో, అదే వయసులో కూర్చుని ఉంది.

మా బాబాయికి ఇవేవీ పట్టేవి కావు. బస్టాండు దగ్గర ఆయనకి రేడియోలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. కొట్లో రేడియోల కన్నా విమానాలే ఎక్కువ. పాత కాగితాలు కొనేవాళ్ళ దగ్గర ఇంగ్లీషు పత్రికలు ఏరుకొచ్చి, వాటిలో యుద్ధ విమానాల ఫొటోలు కత్తిరించి, వాటిని చూస్తూ చెక్కతో చేసేవాడు. అంకుడు కర్ర ఏటికొప్పాక నుంచి తెప్పించేవాడు. ఉలి పెడితే వెన్నలో దిగినట్టు దిగుతుందని మురిసిపోయేవాడు. మందుసీసాల ప్లాస్టిక్కుతో అద్దాలు, పాలడబ్బా రేకుతో ఫేన్లు, ట్రంకు పెట్టెలకి వేసే వెండిరంగు. అన్నింటిలోకీ బాంబర్లంటే ఆయనకి ప్రాణం. చిన్న విమానం ఎవడైనా చేస్తాడు, బాంబరంటే ఎగిరే ఇల్లు, అందులో మనుషులు కూర్చుంటారు, లేచి నడుస్తారు, టీ తాగుతారు అని మాకు వర్ణించి చెప్పేవాడు. కింద ఎవరుంటారో ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు.

దసరాకి మా అమ్మ బొమ్మల కొలువు పెట్టేది. ఏటా పాత బొమ్మల పక్కన కొత్తది ఒకటైనా చేరాలి. ఆ ఏడు కొత్తది నేను చేస్తానని బాబాయి పూనుకున్నాడు. ఒక బొమ్మ కాదు, ఒక దారి. వాళ్ళమ్మ నడిచొచ్చిన రంగం దారి. ఆవిడని ఒక్క మాట కూడా అడక్కుండా, ఆశ్చర్యపరుద్దామని, కొట్లో తలుపులేసుకుని చేశాడు.

నిజం చెప్పాలి, అంత అందమైన పని నేను మళ్ళీ చూడలేదు. మైదా జిగురులో ముంచిన గోనెగుడ్డ ఆరబెట్టి కొండలు చేశాడు. వాటి మధ్య ఎర్రమట్టి దారి, ఒక చోట చిన్న వంతెన, ఇంకో చోట బండరాయి. దారి మీద చక్రం విరిగిన బండి, నెత్తిన మూటలతో ఆడవాళ్ళు, భుజాన కావడితో ముసలాయన, ఒక్కొక్కరూ నా చూపుడు వేలంత. దారి పక్కన నిజమైన పచ్చిక ఉండాలని తడి మట్టిలో ఆవాలూ, మేము చోళ్ళు అనే రాగులూ చల్లాడు. దాన్నంతా కొలువు మెట్ల ముందు నేల మీద పరిచి, పైన దూలానికి గాలం దారంతో బాంబర్ని, రెక్కల పైభాగం కూడా కనపడేలా ఓరగా వేలాడదీశాడు. రెక్కలు బారెడున్నాయి. దాని నీడ సరిగ్గా బండి మీద పడేది.

మొదటిరోజు సాయంత్రం మామ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడు. ఆవిడ దారిని చూసింది, మనుషుల్ని చూసింది. చాలాసేపటికి తలెత్తి పైకి చూసింది.

"పైన ఇంత సోకు సేసినావేట్రా? రెక్కల మీద సుక్కలూ, గీతలూ. పైనుంచి దాన్నెవుడు సూసినాడు?"

"మరి ఎలా ఉండాలమ్మా?"

మామ్మ వెనక్కి తిరిగింది. లోపలికి వెళ్ళి గోడకి మొహం పెట్టింది. విమానం చప్పుడు లేకుండానే అలా నిలబడడం అదే మొదటిసారి. బాబాయి మొహం మాడిపోయింది. రంగు కుదరలేదేమో అని రాత్రి భోజనాల దగ్గర కూడా గొణుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న దారి మీద ఒక మనిషి ఎక్కువ ఉంది.

బండి పక్కన ఒక ఆడపిల్ల. చెక్కది కాదు, గుడ్డతో చుట్టిన బొమ్మ. తల కింద ఒక దారం ముడి, కాళ్ళకి ఎర్రటి పరికిణీ. మొహం మీద కళ్ళు లేవు, నోరు లేదు. బాబాయి నేను చెయ్యలేదన్నాడు, అమ్మ నేను పెట్టలేదంది. ఆ మాట విన్నాక మొహం లేని ఆ పిల్లని చూడడం కొంచెం కష్టమైంది.

ఆ సాయంత్రానికి పిల్ల బండి పక్కన లేదు, బండి కింద ఉంది. మర్నాటి సాయంత్రం చూస్తే వంతెన కింద ఉంది. ఆ తరవాత బండరాయి వెనక, పరికిణీ అంచు మాత్రం కనిపించేలా. పొద్దున్న చూసినప్పుడు ఉన్న చోట సాయంత్రం ఉండేది కాదు. కొలువు పెట్టాక మళ్ళీ ఎత్తేదాకా బొమ్మని కదపకూడదని అమ్మ నియమం. ఇంట్లో ఎవరూ చెయ్యి వెయ్యరు. మరి ఎవరు కదుపుతున్నారు?

ఇలాంటి సరుకు చేతికి దొరికితే నేను ఊరుకుంటానా? బడిలో చెప్పాను, కుళాయి దగ్గర చెప్పాను. బొమ్మ నడుస్తోందన్నాను. విమానం దగ్గరికొస్తే దాని పరికిణీ తడిసిపోతోందన్నాను. పేరంటాళ్ళు రెట్టింపయ్యారు. సెనగలు చాలక అమ్మ తల పట్టుకుంది. పక్కింటి అత్త మాత్రం గుమ్మం దాటి లోపలికి రాలేదు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

"ఓలమ్మో, ఆ గుంటని సూస్తే నాకు రేతిరి అన్నం దిగదు. మీ మరిదికి ఇంకేటీ దొరకనేదేటి సెయ్యడానికి? ఓ సెట్టిగారినీ సెట్టెమ్మనీ సేసుకుంటే పోయేది కదా!"

"నాకేం తెలుసు వదినా, పెద్దామె కోసం చేశాడు. పెద్దామే ఇటువైపు రావడం లేదు," అంది అమ్మ.

ఆ మాట నా చెవిలో పడింది. మామ్మ నిజంగానే మేమున్నప్పుడు ఎప్పుడూ కొలువు గదిలోకి రాలేదు. మరి మేము లేనప్పుడు?

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. కరెంటు పోయింది. వీధిలో కుక్క కూడా లేదు. కొలువు మెట్ల కింద, చీర కుచ్చిళ్ళ వెనక నేను దూరి కూర్చున్నాను. చీర అంచుకీ నేలకీ మధ్య ఉన్న సందులోంచి గది కనిపిస్తోంది. చాలాసేపు ఏమీ జరగలేదు. తరవాత విమానం చప్పుడు మొదలైంది.

ముందు దూరంగా, దోమ రొదలా. తరవాత దగ్గరగా, బరువుగా. ఆకాశంలోంచి కాదు, గదిలోంచే. బాబాయి విమానమే కదిలిందనుకుని ఇంకా లోపలికి ముడుచుకున్నాను. సందులోంచి చూద్దును కదా, మామ్మ నేల మీద వెల్లకిలా పడుకుని ఉంది. సరిగ్గా బాంబర్ కింద. కళ్ళు రెప్ప వెయ్యకుండా దాని కడుపు వైపే చూస్తున్నాయి. ఆ చప్పుడు ఆవిడ గొంతులోంచి వస్తోంది. పెదవులు కదలడం లేదు. చప్పుడు పెరిగి పెరిగి, ఇంక భరించలేననుకునే వేళకి, ఆవిడ గభాలున బోర్లా తిరిగి రెండు చేతులతోనూ చెవులు మూసుకుంది. చప్పుడు ఆగిపోయింది. మామ్మ లేచింది. మోకాళ్ళ మీద దారి దగ్గరికి జరిగి, బండరాయి వెనకున్న పిల్లని రెండు వేళ్ళతో తీసి, అప్పటికి బెత్తెడు దాకా ఎదిగిన మొలకల మధ్య కూర్చోబెట్టింది. తల పక్కకి వంచి పైనుంచి చూసింది. కనిపిస్తోందా లేదా అని విమానం కళ్ళతో చూస్తోంది. ఇంకొంచెం లోపలికి నొక్కింది.

నాకు తుమ్మొచ్చింది.

మామ్మ ఉలిక్కిపడలేదు. "ఒలే గుంటా, నువ్వూ దాక్కున్నావేటి? రా, బేగి రా ఇవతలకి," అంది, ఇందాకటి నుంచీ తెలిసినట్టే.

వచ్చి ఆవిడ ఒళ్ళో కూర్చున్నాను. ఆ బొమ్మ తనే చేశానని చెప్పింది. చెల్లెలి పరికిణీ ఎర్రదేనని, ఎర్రరంగు పైనుంచి కనిపిస్తుందని తనకి అప్పుడు తెలియలేదని చెప్పింది. మొహం ఎందుకు పెట్టలేదని అడిగాను. గుర్తు లేదంది. అంత మామూలుగా అంది కాబట్టే ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. బాంబర్ కడుపు తెరుచుకోవడం గుర్తుంది, లోపల నల్లగా ఉండడం గుర్తుంది, చెవుల్లో రొద గుర్తుంది. చెల్లెలి మొహం మాత్రం ఆ నలుపు వెనక్కి పోయింది.

చిన్నపిల్లని కదా, నాకు తోచింది అడిగేశాను. "నన్ను పిలిచావు, వచ్చేశాను. మరి తనని పిలవలేదా మామ్మా?"

ఆవిడ నా మొహం వైపు చూసింది. తరవాత పైనున్న విమానం వైపు చూసింది.

కొలువు ఎత్తే రోజు వచ్చింది. సాయంత్రం హారతి. మధ్యాహ్నం మేమంతా పీటలు తుడుస్తుంటే మామ్మ గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ మొహంలో రక్తం లేదు.

"గుంట కనపడ్డం నేదు."

"మళ్ళీ ఎక్కడికో నడిచుంటుందిలే," అని నేను నవ్వబోయాను.

"నాను కదపనేదు." మొలకల వైపు వేలు చూపించింది. "మొన్న పెట్టిన సోటునించి నాను మరి కదపనేదు. ఆ సోట నేదు."

అప్పటికి అందరికీ అర్థమైంది, బొమ్మని కదిపింది ఎవరో. ఎవరూ నవ్వలేదు. దారి పక్కన చూస్తే ఆవాలూ చోళ్ళూ పోటీపడి ఎదిగి, ఒకదాని మీద ఒకటి వాలి, పచ్చటి దుప్పటిలా కమ్మేశాయి. బండి సగం మునిగిపోయింది. ముసలాయన కావడి మాత్రం పైకి తేలింది. అందులో వేలంత పిల్ల ఎక్కడుంటుంది? బాబాయి వంగి వేళ్ళతో అటూ ఇటూ వెతికాడు. బండ వెనక చూశాడు, వంతెన కింద చూశాడు. దొరకలేదు. పక్కనే నిలబడ్డ మామ్మ ఊపిరి చిన్నపిల్ల ఊపిరిలా ఎగిరెగిరి పడుతోంది. నలభై ఏళ్ళు పైబడి నడిచొచ్చి, ఆవిడ మళ్ళీ అదే గడ్డి ముందు నిలబడింది. ఈసారీ దొరక్కపోతే ఈ మనిషి మిగలదని మా అందరికీ తెలిసిపోయింది.

"పీకేస్తానమ్మా మొక్కలన్నీ. ఒక్క నిమిషం," అన్నాడు బాబాయి, పిడికిలి నిండా మొలకలు పట్టుకుని.

"పీకకు!" అని అరిచింది. "ముందు దాన్ని దింపు."

"దేన్ని?"

"ఆ యిమానాన్ని దింపరా."

హారతి కాకుండా కొలువులోది ఏదీ తియ్యకూడదని అమ్మ మెల్లిగా గుర్తుచేసింది. మామ్మ కోడలి వైపు తిరిగింది. కోపం లేదు, బతిమాలుతున్నట్టుంది.

"అదక్కడ తిరుగుతుంటే నా సెల్లి ఎలా వస్తాదే? నానెలా పిలుస్తాను?"

బాబాయి మొలకలు వదిలేసి లేచాడు. స్టూలెక్కి, జేబులోంచి బ్లేడు తీసి, గాలం దారం కోశాడు. నెలల తరబడి చేసిన బాంబర్ని రెండు చేతులతో పట్టుకుని దిగాడు. గదిలోంచి బయటికి తీసుకెళ్ళి, పెరట్లో నేల మీద బోర్లా పెట్టి వచ్చాడు. దారి మీద నీడ పోయింది.

మామ్మ మొలకల దగ్గరికి వంగింది. అప్పుడు వచ్చిన గొంతు మేము ఎరిగిన మామ్మది కాదు. సన్నటి, పదేళ్ళ పిల్ల గొంతు.

"ఎల్లిపోనాదే. యిమానం ఎల్లిపోనాది. ఇంక సాలు, వొచ్చీయే," అని, మా ఇంట్లో అంతవరకూ ఎవరినీ పలకనివ్వని ఆ పేరు పెట్టి పిలిచింది. ఒకసారి పిలిచి ఆగింది. మళ్ళీ పిలిచింది.

మొలకలు కదిలాయి.

కరెంటు లేదు. కిటికీ మూసి ఉంది. గడియ దగ్గర నిలబడింది నేనే కాబట్టి నాకు తెలుసు. అది తను గుమ్మంలోంచి లోపలికి వచ్చినప్పుడు వీచిన గాలేనని బాబాయి చివరిదాకా వాదించేవాడు. అలాగే అనుకోండి. పచ్చదనం మధ్యలో ఒక పాయ తీసినట్టు విడిపోయి, అడుగున ఎర్రగా పరికిణీ అంచు కనిపించింది. మొలకల వేళ్ళు పిల్ల నడుం చుట్టూ అల్లుకుని ఉన్నాయి. మామ్మ ఒక్కొక్క వేరూ తెగకుండా విడదీసి, పిల్లని పైకి తీసి, అరచేతిలో పడుకోబెట్టుకుంది. అప్పుడు ఏడ్చింది. అంతకుముందు ఆవిడ ఏడవడం మా నాన్న కూడా చూడలేదట.

హారతి అయ్యాక కొలువులో ఒక బొమ్మని పడుకోబెట్టడం మా ఆనవాయితీ. బొమ్మలన్నీ నిద్రపోయాయని గుర్తు. ఎప్పుడూ అమ్మే చేసేది. ఆ సాయంత్రం అమ్మ పక్కకి జరిగి మామ్మకి చోటిచ్చింది. మామ్మ గుడ్డపిల్లని పసుపు బట్ట మీద పడుకోబెట్టి, కొంగుతో దుమ్ము దులిపి, "తొంగోయే. బాగా నడిసినావు," అంది. తరవాత మా నాన్న వైపు చూడకుండానే, వచ్చే పెద్దల అమావాస్యకి దీని పేరు కూడా చెప్పరా అంది.

బాబాయి విమానాలు మానలేదు. కానీ ఆ తరవాత ఏ బాంబర్ చేసినా కింద ఒక నేల చేసేవాడు. ఆ నేల మీద ఒక దారి, దారి పక్కన ఒక మనిషి దాక్కునేంత గడ్డి. కొట్టుకి వచ్చినవాళ్ళు విమానాన్ని పొగుడుతుంటే, ముందు కూర్చుని కిందనుంచి చూడండి అనేవాడు.

ఇక నా సంగతి. భయపడి దాక్కున్నవాళ్ళు భయం పోగానే తమంతట తామే వచ్చేస్తారని అనుకుంటాం. రారు. దాక్కోమన్న గొంతే మళ్ళీ వచ్చి పిలవాలి. తోటికోడలికి నోరు మూసుకో అన్నా, పిల్లాడికి ఏడవకు అన్నా, కష్టంలో ఉన్న స్నేహితురాలికి కొన్నాళ్ళు ఓర్చుకో అన్నా, ఆ రోజు గడిచాక నేనే వెళ్ళి, ఇంక చాలు, బయటికి రా అని చెప్పి వస్తాను. కథలు చెప్పి భయపెట్టిన పిల్లల్ని కూడా పేరు పేరునా పిలిచి, దయ్యం వెళ్ళిపోయిందని చెప్పాకే ఇళ్ళకి పంపుతాను.

కొన్నేళ్ళ కిందట పెద్ద తుఫాను వచ్చినప్పుడు మా పైకప్పు రేకులు ఎగిరిపోయాయి. చిన్నవాడైన మా అబ్బాయిని మంచం కిందకి తోసి, దాక్కో అన్నాను. గాలి నెమ్మదించాక నేల మీద పడుకుని, తుఫాను వెళ్ళిపోయింది, వచ్చెయ్ నాన్నా అని పిలిచాను. వాడు పాకుతూ వచ్చి నా మెడ పట్టుకున్నాడు. తరవాత మంచం కిందకి చూపించి, "అమ్మా, ఆ పాపని కూడా పిలు," అన్నాడు.

మంచం కింద చీకటి తప్ప నాకేమీ కనిపించలేదు. అయినా మళ్ళీ నేల మీద పడుకుని మామ్మ చెల్లెలి పేరు పెట్టి పిలిచాను. ఆ రోజు నుంచీ ఎక్కడ ఎవరిని పిలిచినా, అందరూ వచ్చేశాక, ఇంకొక్కసారి పిలిచి కాసేపు తలుపు తీసే ఉంచుతాను.